దర్యావేషు పేరు మీద నా ప్రసంగం

ఒక పసివాడికి పేరు పెట్టే విందులో పావుగంట మాట్లాడి, వాడి తండ్రిని విస్తరి ముందు నుంచి లేపి, వాడి తల్లిని ఏడిపించి, పాస్టరు గారి నోరు మూయించి, చివరికి వాడి తాతను ఒక్కడినే నవ్వించిన ఘనురాలిని నేను. ఆ నవ్వు కూడా నవ్వాల్సిన నవ్వు కాదు. ఇదంతా ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నాకే నవ్వు రావడానికి కొన్నేళ్ళు పట్టింది.

అప్పటికి చరిత్రలో ఎం.ఏ. పూర్తిచేసి ఎంతో కాలం కాలేదు. మాది విజయనగరం. అరకులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికితే రెండు పెట్టెల పుస్తకాలతో రైలెక్కి వచ్చేశాను. కొత్తగా నగ చేయించుకున్నవాళ్ళు చేతులు ఊపుకుంటూ మాట్లాడినట్టు, నేను నా చదువు అందరికీ కనపడేలా తిరిగేదాన్ని. టీ కొట్టు దగ్గర ఎవరైనా ఊరికే, ఈ రైలు సొరంగాలు ఎవరు తవ్వారో అనుకుంటే చాలు, వాళ్ళ టీ చల్లారేదాకా చెప్పేదాన్ని. వాళ్ళు అడిగింది నన్ను కాదని, అసలు ఎవరినీ కాదని తర్వాత తెలిసేది.

రోజూ నన్ను గది నుంచి కాలేజీకి తీసుకెళ్ళే ఆటో సమూయేలుది. నాకంటే కాస్త పెద్ద. మాట తక్కువ. నేను వెనక కూర్చుని అశోకుడి నుంచి మొదలుపెడితే అద్దంలో అతని తల ఆడుతూ కనిపించేది. అది శ్రద్ధ అనుకునేదాన్ని. ఆ రోడ్డు గుంతల్లో ఎవరి తలైనా ఆడుతుందని నాకు తట్టలేదు.

సమూయేలు భార్య సుభద్ర. ఆమెది కొండ మీది ఊరు. అనంతగిరి వెళ్ళే రోడ్డు దిగి, వాగు దాటి, ఎక్కితే వస్తుంది. పెళ్ళయ్యాక సమూయేలు అక్కడే మామగారి ఇంటి పక్కన ఇల్లు వేసుకున్నాడు. పొద్దున్నే మామగారి కాఫీ తోటలో ఓ చెయ్యి వేసి, కొండ దిగి, రోడ్డు పక్కన నిలిపిన ఆటో తీసుకుని అరకు వచ్చేవాడు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. మామగారు సుక్రా తాత మాత్రం తన ఊరి దేవతను వదల్లేదు. సుభద్ర ఆదివారం భర్తతో చర్చికి వెళ్ళేది, దేవత పండగకి తండ్రి ఇంట్లో కోడి కూర వండేది. ఈ ఏర్పాటు వల్ల ఆ ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు, నేను వెళ్ళేవరకు.

ఆ ఏడాది వానాకాలం చివర్లో వాళ్ళకి కొడుకు పుట్టాడు. కొన్నాళ్ళు ఆటోకి రాని సమూయేలు, ఒకరోజు మిఠాయి పొట్లంతో వచ్చి, పేరు కూడా ఖాయం చేశామని చెప్పాడు.

"దర్యావేషు, మేడం."

నాకు నవ్వొచ్చింది. వేషు ఏమిటి, వేషం లాగా. అసలు పేరు డేరియస్ అని, పాస్టరు గారు ఎక్కడో తప్పు చదివి ఉంటారని, ఇప్పుడే సరిదిద్దుకుంటే మంచిదని కాలేజీ గేటు దాకా చెప్పాను. అతను అద్దంలో తలాడించాడు. మా బైబిలు వాక్యంలో అలాగే ఉంది మేడం, అని మాత్రం అన్నాడు.

ఆ పేరు పెట్టడానికి వాళ్ళకో కారణం ఉంది. అంతకు ముందు గాలివానకి ఊళ్ళో చర్చి పైకప్పు ఎగిరిపోయింది. ఊరంతా కలిసి మళ్ళీ కట్టుకున్నారు. కొత్త రేకుల కింద మొదటి ప్రార్థన జరిగిన వారంలోనే పిల్లవాడు పుట్టాడు. పూర్వం పాడుబడ్డ దేవాలయాన్ని తిరిగి కట్టుకోమని సెలవిచ్చిన పారసీక రాజు పేరు దర్యావేషు కనక, పాస్టరు గారు ఆ పేరు చెప్పారు. సమూయేలుకి నచ్చింది. సుభద్రకీ నచ్చింది. సుక్రా తాతకి నచ్చలేదు.

ఆయన లెక్కలో పేరుకి ఇంత ఆలోచన అక్కర్లేదు. శుక్రవారం పుట్టాడు కాబట్టి తను సుక్రా. ఆయన తండ్రి బుధవారం పుట్టాడు కాబట్టి బుద్రా. ఈ గుంటడు కూడా బుధవారమే పుట్టాడు. అంటే తన తండ్రే తిరిగి వచ్చాడని, పేరు వాడు వెంటే తెచ్చుకున్నాడని తాత వాదన. చివరికి కూతురి మొహం చూసి ఒక మెట్టు దిగాడట. ఆ రాజెవరో, ఏం చేశాడో ఎవరైనా తెలిసినవాళ్ళు వచ్చి చెబితే వింటాను, గొప్పవాడైతే అలాగే పిలుచుకోండి అన్నాడట.

"మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి మేడం. మా మావ సదువుకున్నోళ్ళ మాట ఇంటాడు," అన్నాడు సమూయేలు.

ఆ మాట వినగానే నా బుర్ర గాలి కొట్టిన టైరులా అయింది. నాలుగేమిటి, నలభై చెబుతానన్నాను. సిద్ధపడటానికి కూడా పెద్దగా ఏమీ చెయ్యలేదు. డేరియస్ నాకు బాగా తెలుసు. మా సిలబస్‌లో అలెగ్జాండరు మన దేశానికి వచ్చే ముందు ఓడించింది అతన్నే కదా. ఆ పాఠం నేను పిల్లలకి రెండు చేతులూ తిప్పుకుంటూ చెప్పేదాన్ని. రథాలు, గుర్రాలు, దుమ్ము. ఇంకేం కావాలి?

ఒక రాజుని ఓడిపోయిన పాఠంలో మాత్రమే ఎరిగి ఉండటం ఆ రాజుని ఎరగడం కాదని ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. ఉన్నా వినేదాన్ని కాదు.

ఆదివారం మధ్యాహ్నం విందు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. పట్టుచీరతో వాగు దాటినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే నా బాధ తెలుస్తుంది. రాళ్ళ మీద కాళ్ళు పెడుతూ, కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుంటూ, రెండూ కుదరక మోకాళ్ళ దాకా తడిసి, ముక్కాలు మహారాణిలా, పావు వంతు తడి కోడిలా ఊళ్ళోకి ప్రవేశించాను. ఆడవాళ్ళు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చీర అంచు ఆరబెట్టారు. నాటుకోడి కూర, రాజ్మా గింజల కూర ఉడుకుతున్నాయి. కొండవాలు నిండా వలిసెలు పసుపు పచ్చగా పూశాయి. పిల్లవాడు తల్లి ఒళ్ళో నిద్రపోతున్నాడు.

పాస్టరు గారు ప్రార్థన చేసి నన్ను లేవమన్నారు. మగవాళ్ళు అప్పటికే విస్తళ్ళ ముందు కూర్చున్నారు. సుక్రా తాత ముందు వరసలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తీర్పు చెప్పబోయే పెద్దమనిషిలా ఉన్నాడు.

నేను పారసీక దేశంతో మొదలుపెట్టాను. దాని హద్దులు ఎక్కడినుంచి ఎక్కడికో చెప్పాను. రాజు ఎక్కే రథం, దాని బంగారం, కదిలితే కొండ కదిలినట్టుండే సేన, అన్నీ చెప్పాను. తాత మెడ ముందుకు చాచాడు. రథానికి ఎన్ని గుర్రాలో అడిగాడు. చెప్పాను. ఆయన పక్కవాడి వైపు తిరిగి తల ఊపాడు. అప్పుడు అలెగ్జాండరును దించాను.

"ఆ వొచ్చినోడి సేన ఎంత?" అన్నాడు తాత.

"చాలా తక్కువ తాతా."

"మనోడిది?"

"చాలా ఎక్కువ."

"అయితే మనోడే గెలిసుంటాడు."

గమనించారా, మనోడు అన్నాడు. పేరు ఒప్పుకున్నట్టే. ఆ క్షణంలో నమస్కారం పెట్టి కూర్చుని ఉంటే నేనూ సుఖంగా భోంచేసేదాన్ని, మీకూ ఇదంతా చదివే పని తప్పేది. కాని నేను చరిత్ర మేడంని. ఘాట్‌లో బ్రేకులు పోయిన లారీ తర్వాతి మలుపు గురించి ఆలోచించదు.

"లేదు తాతా, ఓడిపోయాడు," అన్నాను.

"యుద్ధంలో సచ్చిపోనాడా?" ఆయన గొంతులో గౌరవం తగ్గలేదు.

"అప్పుడు కాదు. రథం వెనక్కి తిప్పి వెళ్ళిపోయాడు. దారి బాగాలేకపోతే రథం కూడా వదిలేసి గుర్రమెక్కాడు."

"ఇంట్లోవోలో?"

ఈ ప్రశ్నకి జవాబు నా నోటి చివర ఉంది. అది బయటికి వస్తుంటే నాకే మొదటిసారి వినపడింది. "వాళ్ళు అక్కడే డేరాల్లో ఉండిపోయారు. తల్లి, భార్య, పిల్లలు."

గరిటెల చప్పుడు ఆగిపోయింది. తాత కాసేపు నన్ను చూశాడు, తర్వాత అల్లుణ్ణి చూశాడు. అప్పుడు నవ్వాడు.

"పేరు సరిగ్గానే దొరికినాది. గుంటడికి కాదు, ఆడి అయ్యకి."

సమూయేలు విస్తరిలోంచి చెయ్యి తీసి, చెంబు నీళ్ళతో కడుక్కుని, లేచి, వాగు వైపు దిగిపోయాడు. సుభద్ర పిల్లవాణ్ణి గుండెకి అదుముకుని తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాకేమీ అర్థం కాలేదు. ఏదో పగిలిందని మాత్రం తెలిసింది, ఏది పగిలిందో తెలియదు.

పాపం పాస్టరు గారు లేచి, ఆ రాజు వేరు, దేవాలయం కట్టుకోమన్న రాజు వేరు అని సర్దబోయారు. ఆయన్ని అక్కడ వదిలేస్తే సర్దేసేవారే. కాని తేదీల్లో తప్పు దొర్లకూడదు కదా. ఆయన చెప్పేది మొదటి డేరియస్ అని, నేను చెప్పింది మూడోవాణ్ణి అని అడ్డుపడ్డాను.

"మరి రెండోవోడు?" అన్నాడు తాత వెంటనే.

రెండోవాడు సింహాసనం కోసం సవతి అన్నదమ్ముల అడ్డు తొలగించుకున్నవాడు. నెమ్మదిగా, వీలైనంత మంచి మాటల్లో చెప్పాను. అడ్డు తొలగించడం అంటే ఏటని తాత అడిగాడు. చంపించడం అన్నాను. పొయ్యి దగ్గర ఒకావిడ నోరు కొంగుతో మూసుకుంది. ఎలాగైనా ఒక్క మంచివాణ్ణి చూపించాలి. దేశం కాని దేశంలో ఎందుకు, మన దేశంలోనే ఈ పేరు వాళ్ళున్నారు, దారా అంటే ఇదే పేరు, మొగలు రాకుమారుడు, చదువుకున్నవాడు, అన్ని మతాలనూ గౌరవించినవాడు అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"ఆయనేటైనాడు?"

నా ఒంట్లో ఉన్న అబద్ధాలన్నీ ఆ సమయానికి ఎక్కడికి పోయాయో తెలియదు. "తమ్ముడు చంపించాడు తాతా."

పాస్టరు గారు కూర్చున్నారు. తాత చాలా శాంతంగా అడిగాడు.

"మేడం, ఈ పేరు పెట్టుకున్నోలల్లో మంచం మీద సచ్చినోడు ఒక్కడైనా ఉన్నాడేటి?"

ఉన్నాడు. మొదటి డేరియస్ జబ్బు చేసి పోయాడు, రెండోవాడూ అంతే. అది నాకు తెలుసు కూడా. కాని ఆ క్షణంలో నా బుర్రలో ఖాళీ కుండ తప్ప ఏమీ లేదు. నాకు విస్తరి వేశారు. ఏం తిన్నానో గుర్తులేదు.

వాగు దాకా నన్ను సాగనంపడానికి సుభద్ర వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. మీకు తెలీక అన్నారు మేడం, అని తనే మొదలుపెట్టి, కాన్పు రోజు సంగతి చెప్పింది. ఆ రోజు పొద్దున్నించి వాన. నొప్పులు మొదలయ్యేసరికి సమూయేలు అంబులెన్సుకి ఫోను చెయ్యడానికి, ఆటో సిద్ధం చెయ్యడానికి రోడ్డుకి దిగాడు. ఫోను పలకాలంటే రోడ్డు మీదికే వెళ్ళాలి. దిగినవాడు తిరిగి రాలేదు. ఎదురు చూసి చూసి, తాతే నలుగురిని పిలిచి, కర్రకి దుప్పటి కట్టి డోలీ చేసి, వాగు వైపు కాక పై దారిన కొండ దాటించి, బొర్రా వైపు రోడ్డు మీద జీపు పట్టుకుని ఆమెను ఆసుపత్రికి చేర్చాడు. సమూయేలు మర్నాడు అక్కడికి వచ్చాడు. తాత అతన్ని ఏమీ అడగలేదు. అల్లుడూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు, ఉప్పు అందుకో, గొడ్డలి ఎక్కడ, అంతే.

"మా అయ్య ఆ పేరు ఒప్పుకుంటే రాజీ పడిపోయినట్టే అనుకున్నాను మేడం," అంది సుభద్ర. అంటే ఆ విందు పేరు కోసం మాత్రమే కాదు. మామా అల్లుళ్ళను ఒకచోట కూర్చోబెట్టి నవ్వించడానికి. అందుకు నన్ను పిలిచారు. నేను వెళ్ళి, ఆపదలో భార్యాపిల్లల్ని వదిలి పారిపోయిన రాజు కథ చేతులు తిప్పుకుంటూ చెప్పి వచ్చాను. ప్రపంచ చరిత్రలో ఎందరు రాజులు లేరు. ఎన్ని పాఠాలు లేవు.

ఆ రాత్రి గదిలో, చెయ్యవలసిన పని చెయ్యవలసిన రోజు దాటాక చేశాను. ఆ పేరు గురించి చదివాను. మొదట నా అహంకారానికి తగిలిన దెబ్బ ఏమిటంటే, నేను సరిదిద్దిన పేరే తప్పు. పారసీకులు తమ రాజుని పిలిచింది దారయవౌష్ అని. గ్రీకుల నోట అది దరెయోస్ అయింది, అక్కడినుంచి ఇంగ్లీషు డేరియస్. హీబ్రూలో దర్యావేష్. అంటే పాస్టరు గారి దర్యావేషే ఆ రాజును తనవాళ్ళు పిలిచిన పిలుపుకి దగ్గర. నేను పట్టుకుని ఊగింది పరాయివాళ్ళ నోట అరిగిపోయిన ముక్క.

అర్థం చూస్తే ఇంకా సిగ్గేసింది. దారయ అంటే ధరించేది, పట్టి నిలిపేది. మన ధారణ, ధరించడం పుట్టిన మూలమే అది. వౌ అంటే మంచి, సంస్కృతంలో వసువు. మంచిని గట్టిగా పట్టుకుని నిలిపేవాడు. ఇది అసలు రాజయ్యాక ఎంచుకునే పేరట. రెండోవాడికీ మూడోవాడికీ పుట్టినప్పుడు వేరే పేర్లున్నాయి. గద్దె ఎక్కాక, మొదటివాడిలా ఉండాలని ఈ పేరు తగిలించుకున్నారు. ఆ మొదటివాడు దేశం పొడుగునా బాటలు వేయించాడు, తన కథ మూడు భాషల్లో కొండరాతి మీద చెక్కించాడు. అతను గద్దె ఎక్కిన తీరు మీదా అనుమానాలున్నాయి, అది వేరే సంగతి. ఒకే పేరు, ఒకడు కట్టాడు, ఒకడు చంపాడు, ఒకడు పరిగెత్తాడు. పేరు ఎవరినీ పట్టుకుని ఆపలేదు. అయినా ప్రతివాడూ పెట్టుకునేటప్పుడు మంచినే కోరుకున్నాడు. ఈ నాలుగు మాటలు విందులో చెబితే సరిపోయేది. సమూయేలు అడిగింది కూడా నాలుగే.

తర్వాత కొన్ని రోజులు నా కోసం వేరే ఆటో వచ్చింది. ఆ డ్రైవరుకి నేను ఒక్క ముక్క చరిత్ర చెప్పలేదు. చివరికి నేనే స్టేషను దగ్గర ఆటోల వరసలో వెతికి సమూయేలును పట్టుకున్నాను. విందు రోజు నుంచి అరకులోనే తల్లి దగ్గర ఉంటున్నాడు. నేను క్షమించమని అడగడం మొదలుపెట్టాను. అతను ఇబ్బందిగా ఆటో సీటు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే, నా వైపు చూడకుండా, మిగతా సగం కథ చెప్పాడు.

అంబులెన్సు రోడ్డు దాకా వచ్చింది. అతను భార్యను తీసుకురావడానికి వెనక్కి వెళ్ళేసరికి వాగు పొంగింది. దిగాడు. నీళ్ళు కాళ్ళు లాగేసి, రాయికేసి కొట్టాయి. చెప్పులు, ఫోను పోయాయి. గట్టెక్కి మళ్ళీ దిగాడు. అంబులెన్సు వాళ్ళు పట్టుకుని లాగారు. అవతలి గట్టు మీద ఎవరైనా వస్తారేమోనని అక్కడే అరుస్తూ నిలబడ్డాడు. వాగు హోరులో తన అరుపు తనకే వినపడలేదు. వాళ్ళు పై దారిన వెళ్ళారని మర్నాడు గాని తెలియలేదు. మోకాలి మీద మచ్చ ఇంకా నల్లగా ఉంది.

"ఇది మీ మామగారికి చెప్పలేదా?"

"ఆయన అడగలేదు మేడం. అడక్కుండా సెప్తే సాకులు సెప్పినట్టుంటాది."

తాత దగ్గరికి నాతో రమ్మని మాత్రం అడిగాను. నేను ప్రసంగించనని మాటిచ్చాక బయల్దేరాడు.

మేము వాగు దాటి పైకి వెళ్ళేసరికి సుక్రా తాత పశువుల శాలకి కొత్త దూలం ఎత్తుతున్నాడు. పనసకర్ర దూలం. ఒక కొస పక్కింటాయన, ఒక కొస తాత. భుజాల దాకా ఎత్తారు. అక్కడ పక్కింటాయన కాలు జారింది. దూలం వంగింది.

"ధర్, ధర్," అన్నాడు తాత.

వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునేది ఒడియా కలిసిన మాట. అందులో ధర్ అంటే పట్టుకో. సమూయేలు పరుగున వెళ్ళి ఆ కొస కింద భుజం పెట్టాడు. దూలం నిలబడింది. పక్కింటాయన మడమ పట్టుకుని కూలబడ్డాడు.

ఇక్కడ ఎవరైనా బుద్ధి ఉన్న మనిషి ఏం చేస్తారు? వెళ్ళి ఆయన కాలు చూస్తారు. నేనేం చేశానో తెలుసా? నా ఒళ్ళు ఝల్లుమంది. ధర్. పారసీక రాజు పేరులో ఉన్న మాట ఈ కొండ మీద, ఈ ముసలాయన నోట్లో, దూలం కింద బతికే ఉంది. ఇచ్చిన మాట గాలికి వదిలేసి, దూలానికి ఎదురుగా నిలబడి, తాతా, నువ్విప్పుడు అన్న మాటే ఆ పేరులో ఉంది, మంచిని పట్టుకునేవాడని దాని అర్థం, మీ భాషకీ వాళ్ళ భాషకీ మూలం ఒక్కటే అని మొదలుపెట్టాను. ఇద్దరి మెడ నరాలూ ఉబ్బి ఉన్నాయి. ఇద్దరూ కదలడానికి లేదు. నాకు అంతకంటే శ్రద్ధగల శ్రోతలు జీవితంలో దొరకలేదు.

పూర్తయ్యాక తాత అడిగాడు, "అయిపోనాదా?"

"అయిపోయింది తాతా."

సమూయేలు ఆ కొస నుంచి, దూలానికి చెప్పినట్టు, నెమ్మదిగా అన్నాడు. "మావా, నాను ఆ రోజు వాగులో దిగినాను."

తాత కళ్ళు తిప్పలేదు. "ఎక్కడ?"

"నల్లరాయి కాడ."

"అక్కడ దిగితే సచ్చిపోతారు."

"తెలుసు. రెండుసార్లు దిగినాను. అంబులెన్సోలు లాగీసినారు."

తాత దూలాన్ని భుజం మీద సర్దుకున్నాడు. ఇంట్లోంచి సుభద్ర పిల్లవాడితో గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఎర్రోడా," అన్నాడు తాత చివరికి. "సెప్పాల కదా." మళ్ళీ కాసేపటికి, "నాను అడగాల్సింది."

ఆ తర్వాత అన్న మాట, "ఆ కొస కొంచెం పైకెత్తు." సమూయేలు ఎత్తాడు. దూలం గుంజల మీద కూర్చుంది.

కాళ్ళు కడుక్కుని అందరం చోడి అంబలి తాగాం. పేరు సంగతి తాతే తేల్చాడు. ఆ పెద్ద పేరు నా నోట తిరగదు, నేను బుద్రా అనే పిలుస్తాను, చర్చిలోనూ బడిలోనూ మీకు నచ్చింది పిలుచుకోండి అన్నాడు. నాకు నాలుక ఊరుకుంటుందా? మొదటి డేరియస్ చాలా గొప్పవాడు తాతా, ఆయన గురించి చెప్పనా అన్నాను.

"ఆ రాజు ఎలాటోడైతే నాకేటి మేడం. పరిగెడతాడో నిలబడతాడో ఈ గుంటడే సూసుకుంటాడు," అన్నాడాయన.

ఎన్ని పుస్తకాలు చదివినా నాకు రాని ముగింపు అది. నేను కిక్కురుమనకుండా అంబలి తాగాను. సమూయేలు ఆ రోజు అరకు తిరిగి రాలేదు. నేను ఒక్కదాన్నే వాగు దాటి, రోడ్డెక్కి, బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. నాకేమీ విసుగనిపించలేదు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. దర్యావేషు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. టీచరు దర్యా అంటుంది, తండ్రి వేషు అంటాడు, తాత బుద్రా అంటాడు. వాడు అన్నిటికీ పలుకుతాడు, అన్నం పెట్టే పిలుపుకి ఇంకాస్త బేగి పలుకుతాడు. మొన్నీమధ్య వాడికో చెల్లెలు పుట్టింది. ఈసారి నన్ను పిలవడానికి స్వయంగా సుక్రా తాతే అరకు వచ్చాడు. కాలేజీ గేటు దగ్గర నిలబడి, పెద్దవాళ్ళు పిల్లలకి జాగ్రత్తలు చెప్పే పద్ధతిలో చెప్పాడు.

"ఆదోరం రా మేడం. కోడి కోస్తన్నాం. నువ్వొచ్చి కడుపునిండా తిను. మాట మాత్రం పాస్టరు గారు మాటాడతారు."

వెళ్ళాను. నూలు చీర కట్టుకుని వెళ్ళాను. పాపకి ఎస్తేరు అని పేరు పెట్టారు. ఆ పేరు కూడా పారసీకంలో నక్షత్రం అనే మాట నుంచే వచ్చిందని కొందరంటారు. దానికో రాణి ఉంది, ఆ రాణికో కథ ఉంది, ఆ కథలో మంచి మంచి మలుపులున్నాయి. అవన్నీ నాకు తెలుసు. ఈసారి ముందుగానే చదివి వెళ్ళాను. పాస్టరు గారు ప్రార్థన ముగించి, ఎందుకైనా మంచిదని, నా వైపు ఒకసారి చూశారు. సమూయేలు చూశాడు. సుభద్ర చూసింది. విందులో ఉన్న అందరూ, గరిటెలూ ముద్దలూ పట్టుకున్నచోటే ఆగి, నన్నే చూశారు. నేను పెద్ద కోడి ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను.

అందుకని అరకు కొండల సాక్షిగా, వాటి మీది కాఫీ తోటల సాక్షిగా, చరిత్రలో సగౌరవంగా మంచం మీద కన్నుమూసిన రాజులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పేరు పెట్టే విందు ఏదైనా, ఆ పేరు ఏ రాజుదైనా, ఏ రాణిదైనా, నా నోరు తినడానికే తెరుస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా పేరు పెడుతుంటే నిర్భయంగా పిలవండి. ముక్క మాత్రం పెద్దది వెయ్యండి. చిన్నదైతే త్వరగా అయిపోతుంది, తర్వాత జరిగేదానికి నాది పూచీ కాదు.